చిన్న రియాక్షన్‌కి చిన్న డీన్-స్టార్క్ ట్రాప్: గాజు పరికరాన్ని మనమే డిజైన్ చేసుకోవడం ఎలా?

ల్యాబ్‌లో ఏ గాజు పరికరాన్ని మార్చాలో తెలుసుకోవడానికి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. దేనికి ఎప్పుడూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంటుందో, దేన్ని తిప్పాలంటే పక్కవాళ్లు వచ్చి పట్టుకోవాల్సి వస్తుందో, దేని అడుగున మిగిలిన రెండు చుక్కల కోసం అందరూ వంచి, తట్టి, ఊదుతుంటారో కొన్నాళ్లు గమనిస్తే చాలు. అందరూ ఏదో ఒక సర్దుబాటు చేసుకుంటున్నారంటే డిజైన్‌లో లోటు ఉన్నట్టే. అలవాటైపోయింది కాబట్టి అది లోటని ఎవరికీ తట్టదు.

నాకు అలా తగిలింది డీన్-స్టార్క్ ట్రాప్. మరిగే రియాక్షన్‌లోంచి నీటిని వేరుచేసి పట్టుకునే గాజు పరికరం ఇది: ఆవిరి పైకి వెళ్లి కండెన్సర్‌లో చల్లబడి పక్క గొట్టంలో (దీన్నే రిసీవర్ అంటాం) పడుతుంది, నీరు అడుక్కి దిగుతుంది, పైన తేలే ద్రావణి పొర్లి ఫ్లాస్క్‌లోకి తిరిగి వెళ్తుంది. నేను చేసేవి చిన్న రియాక్షన్లు. 50 మి.లీ. ఆర్‌బీ (గుండ్రటి అడుగు) ఫ్లాస్క్, అందులో ద్రావణిగా 30 మి.లీ. టోలీన్, 20 మిల్లీమోల్ ఆల్డిహైడ్, అంతే ఎమీన్. ఆ రెండూ కలిసి ఇమీన్ తయారయ్యేసరికి బయటికి రావాల్సిన నీళ్లు 0.36 గ్రాములు. దీనికి మామూలుగా చేతికొచ్చే ట్రాప్ 10 మి.లీ.ది. అది నిండితే గానీ టోలీన్ వెనక్కి పొర్లదు. అంటే ఫ్లాస్క్‌లోని టోలీన్‌లో మూడో వంతు ట్రాప్ పాలవుతుంది. అందుకని మొదలుపెట్టేముందే ట్రాప్ నిండా వేరే టోలీన్ పోస్తాం. ఆ పది మి.లీ. రోజంతా అక్కడ ఊరికే కూర్చుంటుంది. అడుగున చేరిన మూడో వంతు మి.లీ. నీళ్లు కనిపించాలంటే వంగి, కళ్లు చికిలించి చూడాలి.

అలాగని ట్రాప్‌ని తప్పు పట్టలేం. 1920లో డీన్, స్టార్క్ అనే ఇద్దరు దీన్ని ప్రకటించింది పెట్రోలియంలో నీటి శాతం కొలవడానికి. సాక్స్‌లెట్ ఎక్స్‌ట్రాక్టర్ కథా ఇంతే. 1879లో పాలల్లో కొవ్వు తేల్చడానికి వచ్చింది, ఇప్పుడు అందులో ఆకులూ బెరళ్లూ వేసి మరిగిస్తున్నాం. వాళ్ల పనికి వాళ్ల కొలతలు సరిగ్గానే ఉన్నాయి. మన పని వేరైనప్పుడు కొలతలు మళ్లీ వేసుకోవాలి. ఆకారం అదే ఉంచి కొలతలు మార్చుకోవడమే చాలాసార్లు మనం చేయగలిగిన మంచి డిజైన్. కొత్త ఆకారం కనిపెట్టాలన్న ఉబలాటం మొదట్లో అందరికీ ఉంటుంది, దాన్ని కాస్త అదుపులో పెట్టుకోండి.

ఈ ఒక్క ట్రాప్‌నే మొదటినుంచి చివరిదాకా చూపిస్తాను. మీకు కావలసింది వేరే పరికరమైనా లెక్క వేసే దారి ఇదే.

ముందు పరిమాణాలు, తర్వాతే బొమ్మ

పెన్సిల్ పట్టుకునేముందు మూడు అంకెలు రాసుకోండి: ఎంత ద్రవం రావాలి, గరిష్ఠంగా ఎంత రావచ్చు, పరికరంలో ఎంత ఇరుక్కుపోతే మీరు ఓర్చుకోగలరు. నా విషయంలో మామూలుగా వచ్చే నీళ్లు 0.36 మి.లీ. ఎప్పుడైనా 100 మిల్లీమోల్ స్కేలు చేసినా 1.8 మి.లీ. ట్రాప్‌లో నిలిచే టోలీన్ మొత్తం మూడు, మూడున్నర మి.లీ. దాటకూడదు.

గొట్టం లోపలి వ్యాసం 10 మి.మీ. అయితే ఒక్కో సెంటీమీటరు ఎత్తుకి 0.79 మి.లీ. పడుతుంది. 12 మి.మీ. అయితే 1.13, 16 అయితే 2.01, 20 అయితే 3.14. ఈ నాలుగు అంకెలు నేను నోట్‌బుక్ అట్ట లోపల రాసిపెట్టుకున్నాను. గాజు పరికరాల డిజైన్‌లో సగం లెక్కలు వీటితోనే అయిపోతాయి.

ఈ లెక్క చూడగానే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే: సన్నటి గొట్టం పెడదాం, నీళ్లు కొంచెమే అయినా ఎత్తుగా కనిపిస్తాయి. 6 మి.మీ. గొట్టంలో 0.36 మి.లీ. దాదాపు 13 మి.మీ. ఎత్తు వస్తుంది, గీతలు పెట్టుకుని హాయిగా చదువుకోవచ్చు. కాగితం మీద బాగానే ఉంటుంది. గాజులో పని చేయదు. ఎందుకు చేయదో మీ కళ్లతో చూడాలి.

సన్న గొట్టంలో నీరు ఎందుకు దిగదు

ఫ్యూమ్ హుడ్‌లో ఒక స్టాండు పెట్టి, అడుగు మూసిన గాజు గొట్టాలు వేర్వేరు వ్యాసాలవి నిలబెట్టండి. లోపలి వ్యాసం 6, 8, 10, 12, 15 మి.మీ. ఉంటే చాలు, చిన్న టెస్ట్ ట్యూబులు కూడా పనికొస్తాయి. అన్నిట్లో టోలీన్ పోయండి. కాపర్ సల్ఫేట్ కలిపిన నీలం నీళ్లు డ్రాపర్‌తో పైనుంచి చుక్క చుక్కగా వదలండి. టోలీన్‌కి రంగు అంటదు కాబట్టి నీరు ఎక్కడుందో స్పష్టంగా తెలుస్తుంది.

15 మి.మీ. గొట్టంలో చుక్క బుడుంగున మునిగి అడుక్కి చేరుతుంది. 8 మి.మీ. గొట్టంలో మొదటి చుక్క కూడా దిగుతుంది, కానీ రెండోదో మూడోదో గోడకి అంటుకుంటుంది. దాని మీదికి ఇంకో చుక్క వచ్చి కలుస్తుంది. ఆ రెండూ కలిసి అవతలి గోడని తాకిన క్షణంలో గొట్టానికి అడ్డంగా నీలం బిరడా పడినట్టవుతుంది. పైన టోలీన్, మధ్యలో నీరు, కింద మళ్లీ టోలీన్. ఆ కింది టోలీన్ పైకి రావడానికి దారి లేదు కాబట్టి నీరు కిందికి పోవడానికీ దారి లేదు. గొట్టాన్ని గోటితో టకటకా కొడితే ఒక వంక కొంచెం జారుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇకపై వచ్చే నీరంతా దాని మీదే పేరుకుంటుంది. ట్రాప్‌లో ఇలా జరిగితే నీరు వంపు దాకా ఎగబాకి తిరిగి ఫ్లాస్క్‌లో పడుతుంది, ఇమీన్ వెనక్కి విరిగిపోతుంది.

దీని వెనక భౌతికశాస్త్రం కష్టమేం కాదు. నీటిని కిందికి లాగేది రెండు ద్రవాల సాంద్రతల తేడా, ఆపేది వాటి మధ్య తలతన్యత. టోలీన్ సాంద్రత 0.87, నీటిది 1.00. తేడా 0.13 మాత్రమే, అంటే లాగే బలం చాలా తక్కువ. తలతన్యత మీటరుకి 36 మిల్లీన్యూటన్లు. తలతన్యతని సాంద్రతల తేడాతో, గురుత్వ త్వరణంతో భాగించి వర్గమూలం తీస్తే క్యాపిలరీ లెంగ్త్ వస్తుంది, ఇక్కడ సుమారు 5.3 మి.మీ. నిలువు గొట్టంలో బిరడా కదలాలంటే వ్యాసం దీనికి 1.84 రెట్లు దాటాలని 1961లో బ్రెథర్టన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. లెక్క కడితే 9.7 మి.మీ. గాలి, నీరు మధ్య ఇదే హద్దు 5 మి.మీ. పైన వేలితో మూసిన సన్న గొట్టంలోంచి నీళ్లు కారకపోవడం ఇందుకే. హెప్టేన్ లాంటి తేలిక ద్రావణి వాడితే సాంద్రతల తేడా పెరుగుతుంది కాబట్టి హద్దు 7.5 మి.మీ. దగ్గరికి దిగుతుంది. వేడిలో కూడా కాస్త తగ్గుతుంది. కానీ జిడ్డుపట్టిన గాజు, గీతలు పడ్డ గాజు దీన్ని మళ్లీ పెంచేస్తాయి, కాబట్టి హద్దు దగ్గరే ఆగడం తెలివైన పని కాదు.

నేను 12 మి.మీ. తీసుకున్నాను. గాజుకి సైలేన్ పూత వేసి నీరు అంటకుండా చేస్తే ఇంకా సన్నగా పోవచ్చు కదా అని కొందరంటారు. నిజమే, పని చేస్తుంది. కానీ క్షారపు బాత్‌లో నానబెట్టి కడిగే ల్యాబ్‌లో ఆ పూత ఎన్నాళ్లుంటుంది? గొట్టం వెడల్పు మాత్రం కడిగితే పోదు.

12 మి.మీ. గొట్టంలో నా 0.36 మి.లీ. నీరు మూడు మి.మీ. చిల్లర ఎత్తే వస్తుంది. గీతలు గీసి చదవడం దండగ. అందుకే గీతలు వద్దనుకున్నాను. నీరు ఎంత వచ్చిందో కావాలంటే కింద స్టాప్‌కాక్ (చిన్న కుళాయి) తిప్పి, ముందే తూకం వేసిన చిన్న వయల్‌లోకి దింపి తూస్తాను. కొలిచే పని త్రాసుకి, వేరుచేసే పని ట్రాప్‌కి. ఒకే పరికరంతో రెండు పనులూ చేయించాలని చూస్తే రెండూ అరకొరగా అవుతాయి.

మిగతా కొలతలు

పొర్లే అంచు కింద గొట్టం లోతు 30 మి.మీ. పెడితే 12 మి.మీ. వ్యాసానికి 3.4 మి.లీ. అవుతుంది. 1.8 మి.లీ. నీరు వచ్చినా ఎత్తు 16 మి.మీ., దానిపైన ఇంకా 14 మి.మీ. టోలీన్ ఉంటుంది. నీరు అంచుదాకా ఎగబాకే భయం లేదు.

ఆవిరి పైకి వెళ్లే దారి విషయంలో జాగ్రత్త. ఈ ట్రాప్‌లో ఆవిరి పైకి వెళ్లేదీ, పొర్లిన టోలీన్ కిందికి వచ్చేదీ ఒకే గొట్టంలో. అది ఇరుకైతే ఆవిరి ద్రవాన్ని దిగనివ్వదు, బుడబుడమంటూ చిమ్ముతుంది. జాయింట్లంటే ఒకదాంట్లో ఒకటి దిగే చివరలు: దూరేది కోన్, పట్టేది సాకెట్. వాటి కొలతలో మొదటి అంకె వెడల్పు చివర వ్యాసం (సుమారుగా), రెండోది పొడవు, సన్నబడే తీరు 1:10. అంటే 14/23 కోన్ కింది చివర బయటి వ్యాసం సుమారు 12 మి.మీ. గోడ మందం తీసేస్తే లోపల తొమ్మిదో ఎంతో మిగులుతుంది. 19/26 అయితే కింద సుమారు 16, లోపల పదమూడు దాకా వస్తుంది. అందుకే ఫ్లాస్క్ చిన్నదైనా 19/26 తీసుకున్నాను. 50 మి.లీ. ఫ్లాస్క్ ఆ మెడతో తేలిగ్గానే దొరుకుతుంది. పైన కండెన్సర్ కోసం కూడా అదే సైజు సాకెట్.

ఫ్లాస్క్ మీది గొట్టానికీ, పక్కనున్న రిసీవర్ గొట్టానికీ మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, 60 మి.మీ. ఇంకా దగ్గరికి తేవచ్చు. కానీ స్టాప్‌కాక్ పిడి తిప్పేటప్పుడు వేళ్లు వేడి ఫ్లాస్క్‌కి తగులుతాయి, కింద వయల్ పట్టడానికీ చోటు చాలదు. రెంటినీ కలిపే అడ్డ గొట్టం రిసీవర్ వైపు ఎత్తుగా, సుమారు 20 డిగ్రీల వాలు. 60 మి.మీ. దూరంలో ఇది 22 మి.మీ. ఎత్తు. పొర్లిన చుక్క ఎక్కడా ఆగకుండా ఫ్లాస్క్ వైపు జారిపోవాలి. నిలువు గొట్టం జాయింటు పైనుంచి అడ్డ గొట్టం మొదలయ్యే దాకా 80 మి.మీ. అంటే పొర్లే అంచు సుమారు 102 మి.మీ. ఎత్తున ఉంటుంది. అందులోంచి రిసీవర్ లోతు 30, స్టాప్‌కాక్‌కీ కింది ముక్కుకీ కలిపి 50 తీసేస్తే, ముక్కు కొన ఫ్లాస్క్ మెడకన్నా 22 మి.మీ. పైన ఆగుతుంది. ఆయిల్ బాత్ అంచు తగలదు. ఈ కూడికలు తీసివేతలు బొమ్మ గీయకముందే చేయాలి. పరికరం చేతికొచ్చాక స్టాప్‌కాక్ హీటింగ్ మ్యాంటిల్‌కి గుద్దుకుంటే కోపం వచ్చి లాభం లేదు.

నిలువు గొట్టం ఎంత పొడవైతే అంత వేడి పోతుంది, ఆవిరి మధ్యలోనే చల్లబడి వెనక్కి కారుతుంది. అందుకని పొట్టిగా ఉండాలి. స్టాప్‌కాక్‌కి చోటు కావాలంటే పొడవుగా ఉండాలి. ఈ రెంటి బేరంలో తేలిన అంకె 80. ఆ గొట్టానికి వాక్యూమ్ జాకెట్ పెట్టించొచ్చు గానీ ఈ సైజుకి అది ఆడంబరం. గాజు నూలు టేపు చుట్టినా సరిపోతుంది.

స్టాప్‌కాక్ దగ్గర దాక్కునే ఘనపరిమాణం

చిన్న పరికరాల్లో అసలు కిటుకు ఇక్కడే ఉంది. రిసీవర్ అడుగు నుంచి స్టాప్‌కాక్ కీ (లోపల తిరిగే భాగం) రంధ్రం దాకా ఒక సన్న కాడ ఉంటుంది. లోపలి వ్యాసం 4 మి.మీ., పొడవు 15 మి.మీ. అనుకోండి. అందులో పట్టేది 0.19 మి.లీ. నాకు మొత్తం వచ్చే నీరే 0.36! పైగా పైన చెప్పిన లెక్క ప్రకారం 4 మి.మీ. కాడలో ఉన్న టోలీన్ బయటికి రాదు, నీరు లోపలికి పోదు. స్టాప్‌కాక్ తిప్పగానే ముందు టోలీన్ కారి, తర్వాత నీరు వచ్చేది ఇందుకే. కింద నీరుండాలి కదా, టోలీన్ ఎలా వచ్చిందని చాలామంది తికమకపడతారు.

అందుకని కాడ వీలైనంత పొట్టిగా ఉండాలి. నేను 5 మి.మీ. అని గీసుకుని వెళ్తే మా గ్లాస్ బ్లోయర్ గారు బొమ్మ చూసి తల అడ్డంగా ఊపారు. “ఇంత దగ్గర అతికితే స్టాప్‌కాక్ బ్యారెల్, అదే కీ తిరిగే గొట్టం, వంకర పోతుందమ్మా. వంకర పోయిందంటే కీ ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. మంటకి చోటివ్వాలి” అన్నారు. చివరికి 10 మి.మీ. దగ్గర రాజీ పడ్డాం, అంటే 0.13 మి.లీ. దాన్ని వాడకంలో సరిచేసుకోవాలి: నీరు చేరాక ముందు ఓ నాలుగైదు చుక్కలు వేరే వయల్‌లోకి వదిలి, నీటి అంచు కాడలోకి దిగాక అసలు వయల్ పెట్టాలి. రిసీవర్ అడుగు గుండ్రంగా కాకుండా గరాటులా సన్నబడేలా చేయించండి. గుండ్రటి అడుగైతే కాడ చుట్టూ చిన్న అరుగులా ఏర్పడి అక్కడ నీరు నిలుస్తుంది.

కీ విషయానికొస్తే పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) తప్ప మరోటి వద్దు. గాజు కీకి గ్రీజు కావాలి, వేడి టోలీన్ గ్రీజుని కడిగేసి మీ ప్రొడక్ట్‌లో కలిపేస్తుంది, ప్రొడక్ట్ ఏమిటో తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్షలో ఒకటిన్నర పీపీఎం లోపు ఆ పీకులు కనిపిస్తూనే ఉంటాయి. పీటీఎఫ్ఈతో ఒక్కటి గుర్తుంచుకోండి, అది వేడికి గాజు కంటే పదుల రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. వేడిగా ఉన్నప్పుడు బిగిస్తే చల్లారాక వదులవుతుంది, చల్లగా ఉన్నప్పుడు మరీ బిగిస్తే వేడిలో బిగుసుకుపోతుంది. పిడి ఏ వైపు ఉండాలో కూడా బొమ్మలో రాయండి. రాయకపోతే గ్లాస్ బ్లోయర్‌కి ఏ వైపు వీలైతే ఆ వైపే వస్తుంది, తీరా అది ఫ్లాస్క్ వైపు కావచ్చు.

గాజు ఏం ఒప్పుకుంటుంది, ఏం ఒప్పుకోదు

బోరోసిలికేట్ 3.3 అంటే డిగ్రీకి వ్యాకోచం పది లక్షల్లో 3.3 వంతులని అర్థం. మామూలు సోడా-లైమ్ గాజుది దాదాపు 9. లోపలి గొట్టం 300 మి.మీ. పొడవున్న కండెన్సర్ తీసుకోండి. లోపల ఆవిరి, బయట చల్లటి నీళ్లు, తేడా 80 డిగ్రీలు. బోరోసిలికేట్‌లో లోపలి గొట్టం 0.08 మి.మీ. పెరుగుతుంది, సోడా-లైమ్‌లో 0.22. రెండు చివరలా అతికి ఉన్న గాజుకి ఆ తేడా బతుకో చావో తేలుస్తుంది. ఈ రెండు గాజుల్నీ ఒకదానికొకటి అతకకూడదు, చల్లారగానే చీలిపోతుంది. విరిగిన అంచుని పక్కనుంచి చూస్తే సోడా-లైమ్ సాధారణంగా ఆకుపచ్చగా కనిపిస్తుంది.

గాజు నొక్కుడుని బాగా ఓర్చుకుంటుంది, లాగుడుని ఓర్చుకోదు. లోపలి మూలలు పదునుగా ఉంటే ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. కాబట్టి ప్రతి కలయిక దగ్గరా బొమ్మలో చిన్న వంపు గీయండి. వాక్యూమ్ పెట్టే పరికరానికి చదును అడుగు వద్దే వద్దు. 100 మి.మీ. వ్యాసం ఉన్న చదును అడుగు మీద వాతావరణం వేసే బరువు సుమారు 80 కిలోలు. గుండ్రటి అడుగు ఆ బరువుని నొక్కుడుగా మార్చుకుంటుంది, చదునుది మధ్యలో వంగి చీలుతుంది.

ఇంకో తప్పని నియమం: గ్లాస్ బ్లోయర్ లోపలికి ఊదగలగాలి. గాజు మెత్తబడ్డాక కుంగిపోకుండా, అతుకు సాఫీగా రావాలంటే లోపల గాలి ఒత్తిడి ఇస్తూ ఉండాలి. మీ డిజైన్‌లో ప్రతి గదికీ ఒక తెరిచిన నోరు ఉందా, ఆఖరి అతుకు వేసేటప్పుడు కూడా ఉంటుందా అని బొమ్మ మీద వేలు పెట్టి చూసుకోండి. ఈ ట్రాప్‌కి పైన సాకెట్, కింద కోన్, పక్కన స్టాప్‌కాక్, మూడు నోళ్లు ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు.

రెండు బిగువైన చోట్ల ఒకేసారి కలవాల్సిన పరికరాలు, అంటే రెండు జాయింట్లు రెండు సాకెట్లలో ఒకేసారి దిగాల్సినవి, చేతనైనంత వరకు మానుకోండి. చేతిపనిలో ఒక మి.మీ. అటూ ఇటూ సహజం, అది జాయింట్ మీద లాగుడుగా మారుతుంది. తప్పనిసరైతే ఒక వైపు బాల్ జాయింట్ (ఎటైనా కాస్త వంగే గుండ్రటి జాయింట్) పెట్టించండి.

మీరే మంట దగ్గర కూర్చుని చేసుకుందామనుకుంటే ఒక్క మాట. బోరోసిలికేట్ మెత్తబడేది 820 డిగ్రీల పైన, పని చేయడానికి 1200 దాటాలి. బన్సెన్ బర్నర్‌తో గొట్టం కొస మొద్దుచేయడం దాకా ఏదో అవుతుంది, అతకడానికి ఆక్సిజన్ కలిపిన మంట కావాలి, సోడియం పసుపు కాంతిని అడ్డుకునే డిడిమియం కళ్లద్దాలు కావాలి, ఆ తర్వాత ఎనీలింగ్ ఫర్నేస్ (గాజులో మిగిలిన ఒత్తిడి పోయేలా వేడిచేసి మెల్లగా చల్లార్చే కొలిమి) కావాలి. ట్రాప్ లాంటిది నేర్చుకునేవాళ్లు మొదట చేయాల్సిన వస్తువు కాదు.

బొమ్మ గీయడం

గ్రాఫ్ పేపర్ మీద అసలు సైజులోనే గీయండి. కంప్యూటర్‌లో గీస్తే ప్రింటు తీసి, స్కేలుతో కొలిచి సరిచూసుకోండి. అసలు సైజు బొమ్మని గ్లాస్ బ్లోయర్ బెంచి మీద పరుచుకుని, చల్లారిన ముక్కని దాని మీద పెట్టి చూసుకోగలరు. అంతకంటే సాయం లేదు.

ఘనపరిమాణం ముఖ్యమైన చోట లోపలి వ్యాసం రాయండి, ఏదైనా దూరాల్సిన చోట బయటిది రాయండి, ఏది ఏదో మాటల్లో స్పష్టంగా రాయండి. గాజు గొట్టాలు అమ్మేది బయటి వ్యాసం, గోడ మందం లెక్కన. లోపల 12 మి.మీ. కావాలంటే బయట 14, గోడ 1 మి.మీ. ఉన్న గొట్టం దొరుకుతుందో లేదో ముందే అడగండి. దొరకకపోతే దానికి దగ్గరిదాన్ని తీసుకుని మీ లెక్క మార్చుకోండి. గొట్టాన్ని లాగి సన్నం చేయమని అడగడం ఖర్చు పెంచుకోవడమే.

నేను రెండు రంగులు వాడతాను. ఎర్రగా రాసినవి మారకూడదు: ఇక్కడ రిసీవర్ లోపలి వ్యాసం, అంచు కింద లోతు, కాడ పొడవు, అడ్డ గొట్టం వాలు ఏ వైపన్నది. నల్లగా రాసినవి రెండు మి.మీ. అటూ ఇటూ అయినా పర్లేదు. అన్నీ ముఖ్యమే అని రాస్తే ఏదీ ముఖ్యం కాదని అర్థం. బొమ్మ కింద ఈ పరికరం ఏం చేయాలో రెండు వాక్యాల్లో రాయండి: ‘పైనుంచి టోలీన్, నీరు కలిసి కారతాయి. నీరు అడుక్కి దిగాలి, టోలీన్ ఎడమవైపు పొర్లి ఫ్లాస్క్‌లోకి పోవాలి.’ ఇది చదివాక మా గ్లాస్ బ్లోయర్ గారు అడిగిన ప్రశ్న నా బొమ్మలో లేనిది: కండెన్సర్ కొసనుంచి చుక్క ఎక్కడ పడుతుంది? అడ్డ గొట్టం నోట్లో పడితే నీరు రిసీవర్‌కి రాకుండా తిన్నగా ఫ్లాస్క్‌కే పోతుంది కదా! నిజమే. అందుకని పైన సాకెట్‌కీ అడ్డ గొట్టానికీ మధ్య 25 మి.మీ. ఎత్తు పెట్టాం, కండెన్సర్ కొస ఏటవాలుగా కోసి ఉంటే దాని మొన అడ్డ గొట్టానికి ఎదురువైపు తిప్పి పెడతాను.

చేతికొచ్చాక

మొదట ఒత్తిడి చూడండి. ఎల్‌సీడీ మానిటర్ మీద తెల్ల తెర పెట్టి, దాని ముందు పరికరాన్ని పట్టుకుని, పోలరైజింగ్ ఫిల్టర్ లోంచి చూస్తూ తెర నల్లబడే దాకా ఫిల్టర్ తిప్పండి. ఎనీలింగ్ సరిగ్గా అయిన గాజు చీకట్లోనే ఉంటుంది. అతుకుల దగ్గర తెల్లటి మెరుపు, రంగుల చారలు కనిపిస్తే ఒత్తిడి మిగిలిందన్నమాట. మళ్లీ ఫర్నేస్‌కి పంపండి: 560 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, 500 దిగేదాకా మెల్లగా చల్లార్చడమే మందు.

తర్వాత స్టాప్‌కాక్ మూసి అంచుదాకా నీళ్లు పోసి, ఆ నీటిని తూకం వేయండి. 20 డిగ్రీల దగ్గర మి.లీ.కి 0.998 గ్రాములు. మూడున్నర గ్రాముల చుట్టుపక్కల వస్తే బాగున్నట్టే. రాత్రంతా నింపి వదిలేసి కింద టిష్యూ పేపర్ పెడితే కారుతోందో లేదో తెలుస్తుంది.

అసలు పరీక్ష మూడోది. ఫ్లాస్క్‌లో 25 మి.లీ. టోలీన్, తూచిన 0.50 గ్రాముల నీరు, స్టిర్ బార్. రియాక్షన్ ఏమీ వద్దు. టోలీన్, నీరు కలిసి 85 డిగ్రీల దగ్గరే మరిగి వస్తాయి. కారే చుక్కలు మబ్బుగా ఉన్నంతసేపూ నీరు వస్తున్నట్టే, తేటపడ్డాక ఇంకో పావుగంట ఉంచి ఆపండి. చల్లారనిచ్చి, నీరు దింపి తూయండి. తక్కువ వస్తే అది ఎక్కడుందో వెతకండి: కండెన్సర్ గోడల మీద చుక్కలుగానా, అడ్డ గొట్టం వంపులోనా, కాడలోనా? కండెన్సర్ గోడల మీదైతే తప్పు ట్రాప్‌ది కాదు, కండెన్సర్ శుభ్రం చేసుకోండి. టోలీన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు కాబట్టి ఇదంతా హుడ్‌లోనే, దగ్గర్లో మంట లేకుండా. కండెన్సర్ పైనోరు ఎప్పుడూ తెరిచే ఉండాలి, లేదా నైట్రోజన్ బబ్లర్‌కి కలిపి ఉండాలి. మూసిన పరికరాన్ని వేడి చేయకూడదని కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, చెప్పకుండా వదిలేయడం నాకు చేతకాదు.

బిగించేటప్పుడు ఒక క్లాంపు ఫ్లాస్క్ మెడకి, ఇంకోటి కండెన్సర్‌కి. కండెన్సర్ బరువు ఫ్లాస్క్ మీద కాకుండా 60 మి.మీ. పక్కగా పడుతుంది కాబట్టి రెండోది లేకపోతే అడ్డ గొట్టం అతుకు మీద ఆ బరువంతా వేలాడుతుంది.

గ్లాస్ బ్లోయర్ దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి పాత కండెన్సర్లు కూడా పట్టుకెళ్లండి. గాజు ముక్కుల మీదికి రబ్బరు గొట్టం ఎక్కించేటప్పుడు ముక్కు విరిగి అరచేతిలో దిగడం ల్యాబ్‌లో తరచూ జరిగే గాయం. ఆ ముక్కులు తీసేసి జీఎల్14 సైజు గాజు మర (స్క్రూ చుట్లు) అతికించి, ప్లాస్టిక్ ముక్కు బిగించుకుంటే గొట్టాన్ని ముందు ప్లాస్టిక్‌కి తొడిగి తర్వాత మర తిప్పుకోవచ్చు. డబ్బు తక్కువున్న ల్యాబ్ ఒక్కటే మార్పు చేయించగలిగితే, నా ట్రాప్ కంటే ముందు ఇది చేయించమంటాను.

ఈ ట్రాప్ నీటికంటే తేలికైన ద్రావణులకే. క్లోరోఫాం, డైక్లోరోమీథేన్ లాంటివి నీటికంటే బరువు, అవి అడుక్కి పోయి నీరు పైన తేలుతుంది, పొర్లి ఫ్లాస్క్‌కి వెళ్లేది నీరే అవుతుంది. వాటికి వెనక్కి వచ్చే దారి రిసీవర్ అడుగునుంచి మొదలవ్వాలి, అది పూర్తిగా వేరే బొమ్మ. అందుకే నా ట్రాప్ మీద ‘తేలిక ద్రావణులకు మాత్రమే’ అని డైమండ్ పెన్‌తో చెక్కాను, అదీ సాకెట్ దగ్గరి మందపాటి గాజు మీద. పలచటి గోడ మీద గీత పెడితే పగుళ్లు అక్కడినుంచే మొదలవుతాయి.